ఒక మిల్లీమీటరు కిందికి

నాకు మంచివాడినని పేరు లేదు. ఇంట్లో లేదు, పనిచేసిన చోట లేదు, నాచారంలో మా గల్లీలో అసలే లేదు. చెయ్యి మంచిది, నోరు మంచిది కాదని అందరూ అంటారు. మా ఆవిడ అయితే చెయ్యి సంగతి కూడా వదిలేసి నోటి సంగతే చెబుతుంది.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీ టూల్‌రూమ్‌లో ఇరవై ఏడేళ్లు లేత్ మీద పనిచేశాను. అది మూతపడినప్పుడు అక్కడి పాత చిన్న లేత్‌ని తెచ్చుకుని, మా డాబా మీద రేకుల గదిలో పెట్టుకున్నాను. ఆ గదిలో ఇప్పుడు నేను చేసేది రికార్డు ప్లేయర్ల పని. రిపేరు అని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది. చెడిపోయినవాటిని బాగుచేసేవాళ్లు వేరే ఉన్నారు. బాగానే ఉన్న ఖరీదైన టర్న్‌టేబుల్‌ని విప్పి, దాన్ని చేసిన కంపెనీవాడు ఎక్కడ కక్కుర్తిపడ్డాడో కనిపెట్టి, అక్కడ నా చేత్తో చేసింది పెట్టడం నా పని. రికార్డు తిరిగే పళ్లెం కింది బేరింగ్ మారుస్తాను. మోటారు వణుకు పళ్లేనికి ఎక్కకుండా దాన్ని విడిగా కూర్చోబెడతాను. నారపల్లి రోడ్డు పక్క గ్రానైట్ దుకాణాల్లో వంటగట్లకు కోయగా మిగిలిన ముక్కలు తెచ్చి, రసమట్టం పెట్టి చూసుకుంటూ అడుగున వేస్తాను. అన్నిటికంటే ఇష్టంగా చేసేది ఆర్మ్. ఆర్మ్ అంటే సూదిని మోసుకుంటూ రికార్డు మీద జరిగే కడ్డీ. దాని వెనక చివర ఎంత ఎత్తులో ఉందన్న దాన్ని బట్టి సూది గాడిలో ఏ వాలుగా దిగుతుందో తేలుతుంది. ఆ వాలు వెంట్రుక మందం తప్పినా పాట మారిపోతుంది. మారిపోతుందని మేం అంటాం.

మేం అంటే ఆదివారం పొద్దున పదింటికి మా రేకుల గదిలో చేరే నలుగురం. నేను, మా అక్క భర్త, సైనిక్‌పురి నుంచి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ ఆయన, ఉప్పల్ నుంచి వచ్చే ఒక పెద్దాయన. మా బావకు ఉప్పల్‌లో హార్డ్‌వేర్ షాపు ఉంది. ఆయనకు పాటల కన్నా మా ఆవిడ చేసే సర్వపిండి మీద మక్కువ ఎక్కువ. సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర మూడు టర్న్‌టేబుళ్లు ఉన్నాయి, మూడూ నా చేతిలో పడినవే. ఈ కథంతా ఆ పెద్దాయన గురించి.

ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చింది తన పాత ప్లేయర్‌కి బెల్టు వేయించుకోవడానికి. నేను పైన ఏదో రికార్డు పెట్టుకుని పని చేసుకుంటున్నాను. మెట్లెక్కి వచ్చి, రొప్పుతూ గుమ్మంలో నిలబడి, నమస్కారం కూడా పెట్టకుండా, "కింద నుంచే విన్నానండీ. మీ పళ్లెం కాస్త నెమ్మదిగా తిరుగుతోంది," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆయన ముందే వేగం సరిగ్గా ఉంటే గీతలు నిలబడినట్టు కనపడే చక్రం ఒకటి పళ్లెం మీద పెట్టి చూపిద్దామనుకున్నాను. గీతలు నిలబడకుండా మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. ఆయన చెప్పిందే నిజం.

"ఏం చేసేటోళ్లు మీరు?" అని అడిగాను.

"రైల్వేలోనండీ. చక్రాలు కొట్టేవాణ్ణి."

బెజవాడలో మొదలుపెట్టి మౌలాలిలో రిటైరయ్యాడట. బండి వచ్చి ఆగగానే పొడుగు కర్ర ఉన్న సుత్తి పట్టుకుని పట్టాల పక్కన నడుస్తూ ఒక్కో చక్రాన్ని కొట్టి వినడం ఆయన ఉద్యోగం. బాగున్న చక్రం మోగుతుంది. లోపల ఎక్కడన్నా పగులుంటే మోత మధ్యలో చచ్చిపోతుంది. కంటికి కనపడని పగులు చెవికి తెలుస్తుందని, అది తెలియకపోతే బండి పట్టాలు తప్పుతుందని, ముప్ఫై నాలుగేళ్లలో తాను పాస్ చేసిన చక్రం ఒక్కటీ దారిలో విరగలేదని ఆయన చెప్పాడు. గొప్పలకు పోయి చెప్పలేదు. నాకు షుగర్ లేదండీ అన్నట్టు చెప్పాడు.

"రెండోసారి కొట్టే టైముండదండీ. కొట్టాలి, వినాలి, ముందుకెళ్లిపోవాలి. అందుకని కళ్లు మూసుకుని వినడం అలవాటైపోయింది," అన్నాడు.

ఆ మాట నిజమే. పాట మొదలవగానే ఆయన కళ్లు మూసుకునేవాడు. సూది లేచి ఆర్మ్ పక్కకొచ్చేదాకా తెరిచేవాడు కాదు. మా ఆవిడ టీ కప్పు చేతికిస్తే కళ్లు మూసుకునే అందుకునేవాడు. ఆమె ఆయన్ను బాబాయ్ అనేది. ఆమె అంది కాబట్టి మేమందరం బాబాయ్ అనేవాళ్లం.

ఒక ఏడాదిపాటు ఆయన్ను నేను నిజంగానే ఇష్టపడ్డాను. అది ఎక్కడ చెడిందో నాకు బాగా తెలుసు. సాఫ్ట్‌వేర్ ఆయన కోసం నాలుగు నెలలు కష్టపడి ఒక ఆర్మ్ చేశాను. కడ్డీ లోపల వెండి తీగలు దూర్చి, బేరింగ్ రాళ్లు ఒకదానికొకటి సరిపోయేదాకా మార్చి మార్చి, నా జన్మలో చేసిన అన్ని ఆర్మ్‌లలో ఇదే గొప్పదనుకున్నాను. ఆ ఆదివారం అది మొదటిసారి రికార్డు మీద దిగింది. బావ ఆహా అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఆయన ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నాడు. పెద్దాయన కళ్లు మూసుకునే, "ఎక్కడో చిన్న బిగువుందండీ. మధ్యమధ్యలో అడుగు తడబడుతోంది," అన్నాడు.

"రికార్డుదై ఉంటది బాబాయ్," అన్నాను.

"కాదండీ. ఆర్మ్‌దే."

ఎంతో మర్యాదగా అన్నాడు. అందుకే ఇంకా కాలింది. వాళ్ల ముందే బేరింగ్ విప్పాను, తప్పని చూపిద్దామని. లోపల ఇత్తడి పొట్టు ఒకటి, ఈగ కాలంత, అంటుకుని ఉంది. లేత్ మీద నుంచి వచ్చిందే. ఇరవై ఏడేళ్లు మైక్రాన్లలో బతికినవాడిని, గుడ్డతో తుడవడం మర్చిపోయాను.

సాఫ్ట్‌వేర్ ఆయన పెద్దాయన చేయి పట్టుకుని ఊపాడు. "అంకుల్, మీరు లేకపోతే నేను ఇదే ఇంటికి తీసుకెళ్లిపోయేవాణ్ణి!"

ఆ రోజు నుంచి నా గదిలో నా మాట చెల్లలేదు. ఏ ఆర్మ్ చేసినా, సూది ఉండే ఏ కార్ట్రిడ్జ్ బిగించినా, అందరూ నన్ను కాదు, మూసి ఉన్న ఆయన కళ్లను చూసేవాళ్లు. ఆయన తల ఊపితే అది పాసైనట్టు. చక్రాలు పాస్ చేసినట్టే నా పనిని పాస్ చేసేవాడు. వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా ఆ రైల్వే ఆయన విన్నాడా అని అడగడం మొదలుపెట్టారు. నాకు కడుపు మండిపోయేది. నేను అలాంటివాడినే. దాచుకోవడం ఎందుకు.

మా దగ్గర చద్దర్ పరీక్ష అని ఒకటుండేది. గదికి అడ్డంగా తాడు కట్టి, మా ఆవిడ షోలాపూర్ చద్దర్ దాని మీద వేసేవాళ్లం. ఇటు వినేవాళ్లు, అటు టర్న్‌టేబుల్. ఒకరు చద్దర్ వెనకకు వెళ్లి ఒక పాట వేస్తారు, తర్వాత ఏదో ఒకటి మారుస్తారు, మళ్లీ అదే పాట వేస్తారు. ఏం మారిందో వినేవాళ్లు చెప్పాలి. కళ్లకు కనపడితే చెవులు అబద్ధం ఆడతాయని ఆ చద్దర్. ఈ పరీక్షలో మా బావ ఎప్పుడూ తప్పేవాడు. పెద్దాయన ఎప్పుడో గాని తప్పేవాడు కాదు.

ఒక ఆదివారం స్టేడియంలో మ్యాచ్ ఉంది. ఉప్పల్ నుంచి ట్రాఫిక్ దాటుకుని పెద్దాయన వచ్చేసరికి అరగంట ఆలస్యమైంది. ఆ అరగంటలో మిగతా ఇద్దరికీ నా పథకం చెప్పాను. చద్దర్ వెనక నేను ఏమీ మార్చను. మార్చినట్టు చప్పుడు మాత్రం చేస్తాను. చూద్దాం ఆ చెవుల సంగతి.

"ఎందుకులే అన్నా, పెద్దాయన," అన్నాడు సాఫ్ట్‌వేర్ ఆయన.

"మజాక్ అంతే," అన్నాను.

బావ అప్పటికే నవ్వుతున్నాడు.

పెద్దాయన వచ్చి చెమట తుడుచుకుని తన కుర్చీలో కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నేను చద్దర్ వెనకకు వెళ్లాను. ఒక పాత లలిత గీతం, ఆడ గొంతు, పక్కన వీణ ఒక్కటే. అది మొదటి చరణం దాకా వేసి ఆపాను.

ఇప్పుడు చప్పుడు చేయాలి. నా టర్న్‌టేబుల్ మీద ఆర్మ్ ఒక ఇత్తడి కాడ మీద నిలబడి ఉంటుంది. ఆ కాడ కాలర్ అనే పొట్టి గొట్టంలో దిగి ఉంటుంది. కాలర్ పక్కనున్న బుల్లి స్క్రూ బిగిస్తే, కాడ ఎంత ఎత్తులో ఉంటే అంతలో ఆగిపోతుంది. నేను ఆ స్క్రూలో అలెన్ కీ పెట్టి, అరచుట్టు వదులు చేసి, మళ్లీ బిగించాను. అందరికీ వినపడేలా టకటకలాడించాను. కాడకూ కాలర్‌కూ మధ్య గాలి కూడా దూరనంత బిగువుగా నేనే లేత్ మీద తీశాను కాబట్టి, అరచుట్టు వదిలితే అది కదులుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. నా పనితనం మీద నాకంత పొగరు.

మళ్లీ అదే పాట వేశాను.

"చెప్పుండ్రి బాబాయ్, ఏం మారింది?"

"ఇంకొక్కసారి వేస్తారా అండీ?" అన్నాడు. వేశాను. సగం పాట అయ్యాక మెల్లగా అన్నాడు. "గొంతు కిందికి దిగిందండీ. ఇందాక ఆవిడ తలెత్తి పాడింది. ఇప్పుడు తల వంచుకుని పాడుతోంది. వీణ కూడా కాస్త బరువెక్కింది."

బావ పగలబడి నవ్వాడు. కుర్చీలోంచి పడిపోతాడేమో అనుకున్నాను. నేను చద్దర్ సర్రున లాగేశాను. పెద్దాయన కళ్లు తెరిచి మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

"ఏం మార్చలే బాబాయ్. సూది గదే, ఆర్మ్ గదే, పాట గదే. ఉత్తగ పానా తిప్పిన."

"అలాగా అండీ?" అన్నాడు. మొహంలో ఇంకా సగం నవ్వుంది, ఇది తన మీద వేసిన ఆట అని పూర్తిగా అర్థం కానివాడి నవ్వు.

అక్కడితో ఆపొచ్చు. మనిషన్నవాడు అక్కడితో ఆపుతాడు. నాకు ఆ ఇత్తడి పొట్టు గుర్తొచ్చింది, సాఫ్ట్‌వేర్ ఆయన చేయి పట్టుకుని ఊపడం గుర్తొచ్చింది.

"ముప్పై నాలుగేండ్లు చక్రాలు గూడ గిట్లనే పాస్ చేసిన్రా బాబాయ్? అందాజా మీద?"

బావ నవ్వు ఆగిపోయింది. మా ఆవిడ సర్వపిండి పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. పెద్దాయన తన రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటి వంక చూసుకున్నాడు. "ఏమోనండీ. అంతే అయుంటుంది," అన్నాడు. మర్యాద తప్పకుండా సర్వపిండి ఒక ముక్క తిన్నాడు. నీళ్లు తాగాడు. ట్రాఫిక్ ఎక్కువవుతుందని లేచాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు. అంతకు ముందు ఎప్పుడూ గోడ పట్టుకోలేదు.

"ఏం పాపం జేసిండని గట్లంటివి ఆయనను?" అంది మా ఆవిడ.

"మజాక్ జేసిన."

"నీ మజాక్ మీద మన్నువడ. ఆయన మొఖం సూసినవా?"

చూశాను. చూడటానికే చేశాను.

ఆయన మళ్లీ రాలేదు. మొదటి ఆదివారం ఒంట్లో బాలేదేమో అన్నాం. రెండో ఆదివారం ఎవరం ఏమీ అనలేదు. మూడో ఆదివారం ఆయన కుర్చీలో బావ కాళ్లు చాపుకున్నాడు. నాకు మాత్రం గది విశాలమైనట్టు అనిపించింది. ఏదన్నా చేస్తే నేనే బాగుందని చెప్పేవాణ్ణి, వాళ్లిద్దరూ సరేననేవాళ్లు. మూడు నెలలు అలా నడిచింది. ఆ మూడు నెలలూ నా టర్న్‌టేబుల్ మీద ఎన్నో రికార్డులు వేశాం. ఎంత తేటగా ఉంది, ఎంత నిండుగా ఉంది అని ఒకరికొకరం చెప్పుకున్నాం. "ఎన్నడు గింత మంచిగ లేకుండె," అని కూడా ఒకరోజు బావ అన్నాడు.

వానలు మొదలయ్యాక రేకుల్లోంచి ఒకచోట చినుకు పడటం చూసి, టర్న్‌టేబుల్‌ను పక్కకు జరుపుదామని ఆర్మ్ విప్పడానికి వంగాను. నేను చేసే ప్రతి ఆర్మ్ కాడ మీద ఎత్తు కుదిరాక కాలర్ అంచున సన్నటి గీత గీస్తాను. అది చాలక స్క్రూకీ కాలర్‌కీ కలిపి మా ఆవిడ గోళ్ల రంగు ఒక చుక్క పెడతాను. ఎవరన్నా కదిలిస్తే ఆ చుక్క విరిగి నాకు తెలుస్తుంది. ఇది టూల్‌రూమ్ అలవాటు, మందిని నమ్మని అలవాటు.

గీత కనపడలేదు.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. గీత కాలర్ లోపలికి పోయింది. ఎర్ర చుక్క రెండు ముక్కలై, ఒక సగం స్క్రూ మీద, ఒక సగం కాలర్ మీద, ఒకదానికొకటి ఎడంగా ఉన్నాయి. వెర్నియర్ పెట్టి కొలిచాను. ఆర్మ్ ఒక మిల్లీమీటరు కిందికి దిగి ఉంది.

ఆ స్క్రూను చద్దర్ పరీక్ష రోజు తప్ప నేను ముట్టుకోలేదు. ఇంకెవరూ ముట్టుకోరు. అయినా ఒక గంటసేపు నాతో నేను వాదించుకున్నాను. తర్వాతెప్పుడో జారి ఉంటుందని, వేడికి జారి ఉంటుందని, మా ఆవిడ దుమ్ము దులుపుతూ తగిలించి ఉంటుందని. ఆమెకు ఆ గదిలో దుమ్ము దులపడానికి నేనే అనుమతి ఇవ్వను. చివరికి ఆర్మ్‌ని గీత దాకా లేపి బిగించి ఆ లలిత గీతం వేశాను. తర్వాత దించి వేశాను. తేడా ఏమీ తెలియలేదు. మళ్లీ లేపాను, మళ్లీ దించాను. ఏడోసారో ఎనిమిదోసారో తెలిసింది. దించినప్పుడు ఆమె తల వంచుకుని పాడుతోంది. ఆయన ఆ మాట అని ఉండకపోతే నాకు అదీ తెలిసేది కాదు.

పశ్చాత్తాపం అని చెప్పుకుంటే బాగుంటుంది గాని, మొదట వచ్చింది భయం. ఒక మిల్లీమీటరంటే మా పనిలో చాలా ఎక్కువ. మూడు నెలలు ఆ తేడాతోనే పాటలు విన్నా నాకు వినపడలేదు. ఇది బయటికొస్తే నా చేతి ఆర్మ్ కోసం ఎవరొస్తారు?

మా ఆవిడకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. బట్టలు మడతపెడుతూ విని, "పోయి చెప్పు," అంది. అంతే. ఆ రోజు పోలేదు. ఆ వారం పోలేదు. ఆదివారం వచ్చినప్పుడు బావకూ సాఫ్ట్‌వేర్ ఆయనకూ కూడా చెప్పలేదు. ఆర్మ్‌ని లేపి బిగించి ఊరుకున్నాను. పాట విని, "సేమ్ టు సేమ్, సూపర్," అన్నాడు సాఫ్ట్‌వేర్ ఆయన. అలా మూడు ఆదివారాలు గడిచాయి. నాలుగో వారం మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. అందుకని వెళ్లాను. నా అంతట నేను వెళ్లానని రాసుకోవాలని ఉంది, కానీ అది నిజం కాదు.

ఆయన ఉప్పల్‌లో బస్ డిపో వెనక వీధిలో కూతురు, అల్లుడితో ఉంటాడు. కూతురు టీచర్. ఆమె తలుపు తీసి, నేనెవరో చెప్పగానే మొహం ఒకలా పెట్టింది. కూర్చోమని చెప్పి, గొంతు తగ్గించి, "నాన్న పాటలు మానేశారండీ. ప్లేయర్ పక్కింటివాళ్లకి ఇచ్చేశారు. మీ దగ్గర ఏమన్నా జరిగిందా?" అని అడిగింది.

"బాబాయ్ ఇంట్లనే ఉన్నరా?" అన్నాను.

"రోజూ పేపర్ ముందేసుకుని కూర్చుంటారు. ఎక్కడ బండి పట్టాలు తప్పిందని వచ్చినా, అది ఏ యార్డు మీదుగా వచ్చిందో చూస్తారు. ఆయన రిటైరై పద్నాలుగేళ్లయిందండీ. ఎంత చెప్పినా వినరు."

లోపలి నుంచి పెద్దాయన వచ్చాడు. నన్ను చూసి నిజంగా సంతోషించాడు. అది నాకు తిట్టిన దానికన్నా కష్టంగా అనిపించింది. కాఫీ తెమ్మన్నాడు, మా ఆవిడ ఎలా ఉందని అడిగాడు, సర్వపిండి గురించి అడిగాడు. తర్వాత జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాడట. కాగితం మీద ఒక గీత కుడివైపుకు వెళ్తూ వెళ్తూ కిందికి జారిపోయింది. ఆ వయసులో ఎవరికి తీసినా అలాంటి గీతే వస్తుంది.

"మీరే నయమండీ, చెప్పారు. మిగతావాళ్లు నా మొహం చూసి ఊరుకున్నారు," అన్నాడు. "డాక్టరు గారు వయసు అన్నారు. మరి ఇది ఎప్పుడు మొదలైందో ఆయనకీ తెలీదు కదండీ. సర్వీసులో ఉన్నప్పుడే మొదలై ఉంటే? ఎన్ని చక్రాలు నిజంగా విన్నానో, ఎన్ని విన్నాననుకున్నానో ఇప్పుడెలా తెలుస్తుంది? వెనక్కెళ్లి మళ్లీ కొట్టలేను కదా."

నేను చెప్పేశాను. ఒక్క ఊపిరిలో చెప్పాను. "బాబాయ్, ఆనాడు మీరు చెప్పిందే కరెక్ట్. పానా తిప్పినప్పుడు ఆర్మ్ దిగింది. ఒక మిల్లీమీటరు. నాకు ఎరుకలే. మొన్న విప్పినప్పుడు సూసిన. మా ముగ్గురికి వినవడలే, మీకొక్కరికే వినవడ్డది."

ఆయన తల ఒక పక్కకు వంచి విన్నాడు. తర్వాత కూతురి వంక చూశాడు, నా వంక చూశాడు, నవ్వాడు.

"అమ్మాయి ఫోన్ చేసిందా అండీ?"

"ఎవ్వరు చెయ్యలే బాబాయ్. నిజం."

"మీరు మంచివారండీ," అన్నాడు.

నా బతుకులో ఆ మాట నన్నెవరూ అనలేదు. కోపం తన్నుకొచ్చింది. "నేను మంచోన్ని గాదు బాబాయ్! మంచోన్నైతే నెల కిందనే వత్తుంటి!" అని అరిచాను. ఆయన నా భుజం తట్టాడు. అలా అనుకోకూడదండీ అన్నాడు. నేను ఎంత గట్టిగా చెబితే ఆయన అంత జాలిగా చూశాడు. నా నోటి నుంచి చేదు మాట వస్తే అది నిజమని ఆయన నమ్మాడు. ఇప్పుడు తీపి మాట వచ్చింది కాబట్టి ఇది అబద్ధమై ఉండాలి. ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

మాటలతో కాదని ఆయన్ను స్కూటర్ ఎక్కించుకుని నాచారం తీసుకొచ్చాను. విరిగిన ఎర్ర చుక్క చూపించాను. స్క్రూ తిప్పి, కాడ ఎలా జారుతుందో వేలితో నొక్కి చూపించాను. "ఉందండీ, జారుతోంది," అన్నాడు. డాక్టరు చెప్పినదానికి తల ఊపే రోగిలాగా ఊపాడు. నేనే ముందుగా జారేలా చేసి పెట్టి తనను తీసుకొచ్చాననుకుంటున్నాడని ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది.

"సరే. చద్దర్ కడ్తా. మీరే ఇని చెప్పుండ్రి," అన్నాను.

మా ఆవిడే చద్దర్ తెచ్చి తాడు మీద వేసింది. నేను వెనకకు వెళ్లి ఆర్మ్‌ని గీత దగ్గర పెట్టి ఆ లలిత గీతం వేశాను. ఆపాను. స్క్రూ వదిలి ఒక మిల్లీమీటరు దించాను. ఈసారి వెర్నియర్‌తో కొలిచి దించాను. మళ్లీ వేశాను.

"చెప్పుండ్రి బాబాయ్."

పాట అయిపోయింది. సూది లోపలి గాడిలో తిరుగుతూ చప్పుడు చేస్తోంది. చద్దర్ పక్కకు జరిపి చూశాను. ఆయన కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు తెరుచుకుని ఉన్నాయి. చద్దర్ వెనక నా తల ఎక్కడ ఉంటుందో అక్కడికి చూస్తున్నాడు.

"మీరే చెప్పండి. ఏం మార్చారు?" అన్నాడు.

"మీకేం వినవడ్డది?"

"నాకేం తెలుస్తుందండీ."

చద్దర్ తీసి కింద పడేశాను. ఇక దాచేదేమీ లేదు. ఆయన కళ్ల ముందే ఆర్మ్ లేపాను, పాట వేశాను. ఆయన కళ్ల ముందే దించాను, పాట వేశాను. ఆయన రికార్డు వంక చూడలేదు, ఆర్మ్ వంక చూడలేదు. పాట నడిచినంతసేపూ నా మొహమే చూశాడు. నా కనుబొమ్మ ఎక్కడ కదులుతుందా అని చూశాడు.

ఆర్మ్ దిగి ఉంది. ఆమె తల వంచుకుని పాడుతోంది. ఇప్పుడు నాకు కూడా స్పష్టంగా వినపడుతోంది. ఎందుకు చేశానో నన్నడిగితే చెప్పలేను. ఆయన చెవి ఎక్కడన్నా మిగిలి ఉందేమో తడిమి చూద్దామనుకున్నానేమో, లేకపోతే పాత బుద్ధే అయి ఉంటుంది. ఇదే బాగుందన్నట్టు నవ్వుతూ తల ఊపాను.

ఆయన మొహం తేలికపడింది. ఆయన కూడా తల ఊపాడు.

"అవునండీ. ఇదే బావుంది," అన్నాడు.